తొమ్మిదో నంబరు కాలువ సాక్షి

లైల్ హౌగెన్ ముప్పై ఏళ్ళ కౌంటీ ఉద్యోగంలో ఒక్క మెమో కూడా అందుకోలేదు. రోడ్ల శాఖలో ఇది చిన్న ఘనత కాదు. అతనికి ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఏడు అందుకున్నాడు, అందులో రెండు రోడ్డు రోలరు మీద నిద్రపోయినందుకు. లైల్ అలాంటివాడు కాదు. అమెరికా వాయవ్య మూలనున్న ఆ స్కలామిష్ నది లోయలో ఏడాదికి రెండువందల రోజులు వాన పడుతుంది, మిగతా రోజులు పడేలా ఉంటుంది. ఏ వానలో ఏ రోడ్డు కింద తూము పూడుకుపోయినా, పార భుజాన వేసుకుని ముందు హాజరయ్యేది అతనే. కౌంటీ అంటే అక్కడి జిల్లా; అందులో నాలుగువందల పన్నెండు తూములున్నాయి. ఏది ఏ ఏడు వేశారో, ఎంత పొడవో, ఎక్కడ తుప్పు పట్టిందో కాగితం చూడకుండా చెప్పేవాడు. పెళ్ళిరోజు మాత్రం భార్య బెర్నీస్ గుర్తుచేయాల్సి వచ్చేది.

ఇంతటి మచ్చలేని మనిషి గుండెలో ఒక చేప ఉండేది. 1976 నవంబరు తొమ్మిదో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో అది లోపలికి దూరింది. మళ్ళీ బయటికి రాలేదు.

అప్పటికి లైల్‌కి ఇరవై ఆరేళ్ళు. లోయంతా చేపల గొడవే. ప్రభుత్వంతో ఉన్న పాత ఒప్పందం ప్రకారం నదిలో పట్టే చేపల్లో సగం అక్కడి ఆదివాసీ తెగలవారివని కోర్టు తీర్పిచ్చి రెండేళ్ళయింది. పడవల మీద, బార్ల కిటికీల మీద, చివరికి మంగలి షాపు అద్దం మీద కూడా ఆ తీర్పును తిడుతూ కాగితాలు అంటించారు. అటువంటి శుభఘడియలో కౌంటీ వారికి, తమ పరిధిలో ఏ వాగులో చేపలున్నాయో, ఏ వాగులో లేవో తెలుసుకోవాలన్న జ్ఞానోదయం కలిగింది. పటం గీయమన్నారు. చేపలున్న వాగుకి నీలం గీత, లేని వాగుకి నల్ల చుక్కలు. నీలం గీత మీదుగా రోడ్డు వేయాలంటే కింద చేప దాటిపోయేలా వంతెన కట్టాలి. నల్ల చుక్కల మీదుగా ఏ ఇనప గొట్టం పడేసినా అడిగే నాథుడు లేడు. పై అధికారికి ఏ రంగు ఇష్టమో ఆయన పైకి చెప్పలేదు. లైల్‌కి ఇచ్చిన సిరా సీసాలు మాత్రం నల్లవి రెండు, నీలానిది ఒకటి.

ప్రతి వాగునీ నదిలో కలిసేచోటి నుంచి పుట్టేచోటి దాకా కాలినడకన చూడాలని నిబంధన. ఆ నిబంధన రాసినవాడు బ్లాక్‌బెర్రీ ముళ్ళపొద అనేదాన్ని జాము సీసా మీది బొమ్మలో తప్ప చూసి ఉండడు. మొదటి ఎనిమిది వాగులూ లైల్ నిజాయితీగా నడిచాడు. మూడు జతల ప్యాంట్లు పోయాయి. తొమ్మిదోదాని దగ్గరికి వచ్చేసరికి వాన అడ్డంగా కొడుతోంది. రెండు పశువుల బీళ్ళ మధ్య బారెడు వెడల్పు కాలువ, చుట్టూ మనిషెత్తు ముళ్ళు. బండిలో పక్క సీటు మీద బెర్నీస్ యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన 'పై' ఇంకా వెచ్చగా ఉంది. లైల్ కిటికీ అద్దం మీది ఆవిరి మోచేత్తో తుడిచి, కాలువను ఒకసారి చూసి, పటం మీద నల్ల చుక్కలు పెట్టాడు. పక్కన "తొమ్మిదో నంబరు కాలువ. నడిచి చూడడమైనది. చేపలు లేవు" అని రాసి సంతకం చేశాడు. 'పై' తిన్నాడు. ఆ తరవాత ఒంటేలుకి బండి దిగాడు.

అక్కడ, చెట్టు వేరు కింద, జానెడు నీళ్ళలో, ఒక చేప పడుకుని ఉంది. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వచ్చిన కోహో సాల్మన్. పక్కలు ఎర్రబారి ఉన్నాయి, వీపు నీళ్ళపైకి తేలి వానకి తడుస్తోంది. అది లైల్‌ని చూసింది. లైల్ దాన్ని చూశాడు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయింది.

సిరాతో పెట్టిన చుక్కలు మార్చాలంటే పద్నాలుగో నంబరు ఫారం నింపాలి. మూడు ప్రతులు, మధ్యలో కార్బన్ కాగితం, కింద పై అధికారి సంతకం. ఆ సంతకం పెట్టాల్సిన మనిషి మొహం లైల్ ఒకసారి ఊహించుకున్నాడు. 'ఒక్క చేప. పాపం, దారి తప్పి వచ్చుంటుంది' అనుకుని బండెక్కాడు.

మరుసటి వేసవిలో స్టెనెస్ రోడ్డు కింద ఆ కాలువకి ఇనప తూము వేశారు. వేసిన ముఠాలో లైల్ కూడా ఉన్నాడు. తూము మూతి నీటికి మూరన్నర ఎత్తున తేలింది. రోడ్డు బాగుంది. ఇంజనీరు మెచ్చుకున్నాడు.

నవంబరు వచ్చింది. ఎందుకో మనసు నిలవక, తెల్లవారుతూనే లైల్ అటు వెళ్ళాడు. దారి తప్పిన చేప ఒక్కటి కాదు. ముప్పై దాకా ఉన్నాయి. గుంటలోంచి ఒక్కొక్కటే ఎగురుతోంది, ఇనప మూతికి కొట్టుకుని పడుతోంది, మళ్ళీ ఎగురుతోంది. చాకిరేవులో తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడు. ఆ చప్పుడు అతను ఆఫీసులో కూర్చున్నా వినబడేది, చర్చిలో కూర్చున్నా వినబడేది. బెర్నీస్ రొట్టెపిండి బల్లకేసి కొడితే లేచి వరండాలోకి పోయేవాడు.

నాలుగోనాటి ఉదయం ఒక బకెట్టూ వలగరిటా పట్టుకుని వెళ్ళాడు. కింది గుంటలో చేపను పట్టడం, గట్టెక్కడం, రోడ్డు దాటడం, పైవైపు నీళ్ళలో వదలడం. ఇలా ఎనిమిదింటికి ఆఫీసు తెరిచేదాకా. ఆపైన చేపల గతి చేపలది. ఏడు నవంబర్లు ఇదే పని. ఇంట్లో నడకకని చెప్పేవాడు.

మూడో నవంబర్లో బెర్నీస్‌కి అనుమానం వచ్చింది. మొగుడు ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే లేచి, గడ్డం గీసుకోకుండా, బకెట్టు పట్టుకుని ఎవతె దగ్గరికి పోతాడు? బకెట్టుతో వచ్చే మగాణ్ణి లోపలికి రానిచ్చే ఆడది ఎలా ఉంటుందో చూద్దామని, నైట్‌గౌను మీద కోటు తొడుక్కుని వెనకాలే వెళ్ళింది. చూసేసరికి మొగుడు నడుములోతు నీళ్ళలో ఒక పెద్ద చేపను పసిపిల్లలా గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదా సంగతి?" అంది.

"నేను చెప్తా బెర్నీస్..."

"చెప్పు. ముందు దాన్ని దింపు."

అంతా విన్నాక ఆవిడ తూము మూతి కేసి చూసింది.

"వెళ్ళి ఆఫీసులో చెప్పెయ్."

"ఉద్యోగం పోతుందే."

"పోతే మా స్కూలు వంటింట్లో అంట్లు తోముదువుగాని. నేను మాట్లాడతా."

"చెప్తాలే."

ఆ 'చెప్తాలే' పాతికేళ్ళు నడిచింది. చేపలు అంతకాలం నడవలేదు. ముప్పై కాస్తా ఇరవై రెండయ్యాయి, పదిహేనయ్యాయి, ఆరో నవంబర్లో నాలుగు. ఏడోదాంట్లో ఒక్కటి. దాన్ని లైల్ రెండు చేతులా పట్టుకుని దాటించాడు, బకెట్టు అవసరమే లేకపోయింది. ఎనిమిదో నవంబర్లో ఎవరూ రాలేదు. తూము దగ్గర ఏ చప్పుడూ లేదు. లైల్‌కి మాత్రం వినబడుతూనే ఉంది.

ఇక 2002లో, కౌంటీ వారూ స్కలామిష్ తెగ వారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నదికి కలిసి ప్రణాళిక వేసుకోవాలని తీర్మానం జరిగింది. ఆ సంఘం పేరు స్కలామిష్ నదీ పరీవాహక ప్రాంత సమష్టి ప్రణాళికా సమన్వయ సంఘం. పేరు పూర్తిగా పలికేలోగా ఆటుపోటు ఒకసారి వచ్చి వెళ్ళేది. సమావేశాలు ఒక నెల కౌంటీ కచేరీ నేలమాళిగలో, ఒక నెల తెగవారి హాల్లో. నేలమాళిగలో మనిషికొక డోనట్, కాఫీ. తెగవారి హాల్లో పొగబెట్టిన సాల్మన్, ఆల్చిప్పల చారు, నూనెలో వేయించిన రొట్టె, పోయేటప్పుడు ఇంటికి పొట్లం. నదీ సంరక్షణ పట్ల కౌంటీ అధికారుల్లో నెల విడిచి నెల ఉప్పొంగే అపారమైన ఆసక్తికి కారణం ఎవరూ పరిశోధించలేదు.

తూముల సంగతి తెలిసినవాడని లైల్‌ని సంఘంలో వేశారు. ఎదురు కుర్చీలో తెగవారి చేపల శాఖ అధికారి డెల్ఫీన్ జార్జ్. నలభై అయిదేళ్ళ మనిషి. నవ్వుతూనే నిలదీసేది. ఆవిడ పక్కన మేనమామ ఆంబ్రోస్. ఎనభై నాలుగేళ్ళు, చక్రాల కుర్చీ, చెవులు సగం, కళ్ళు పూర్తిగా పనిచేసేవి. తెగవారే కాదు, కౌంటీ కమిషనర్ కూడా ఆయన్ని 'మామా' అనే పిలిచేవాడు.

మొదట బాగుచేయాల్సిన తూముల జాబితాకి పన్నెండు స్థానాలున్నాయి. డెల్ఫీన్ తెచ్చిన మొదటి పేరే తొమ్మిదో నంబరు కాలువ.

"దానికి నంబరు మీరు పెట్టారు," అంది. "మా భాషలో దాని పేరుకి 'ముసలమ్మలకు కూడా చేప దొరికే చోటు' అని అర్థం. నదిలో దిగే ఓపిక లేనివాళ్ళు అక్కడికి వెళ్ళేవాళ్ళు. మా అమ్మమ్మ చేపలకు పొగబెట్టే పాక ఆ గట్టు మీదే ఉండేది."

సియాటిల్ నుంచి వచ్చిన సలహాదారు కుర్రవాడు పాత పటం తీశాడు. "ఇక్కడ నల్ల చుక్కలున్నాయండీ. నడిచి చూడడమైనది, చేపలు లేవు అని సంతకం కూడా ఉంది. ఎల్. హౌగెన్." తల ఎత్తి, పురాతన దేవాలయంలో శాసనం చెక్కిన శిల్పి సాక్షాత్తూ కనబడ్డట్టు వెలిగిపోయాడు. "మీరే కదూ! మీరు స్వయంగా చూశారన్నమాట."

"చూశాను," అన్నాడు లైల్. "నవంబర్లో."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఇరవై ఆరేళ్ళ సాధనతో అతనికి నిజాలు మాత్రమే చెప్పడం బాగా అలవాటైంది.

"మరి మా మామ చూసిందేంటి?" డెల్ఫీన్ వదల్లేదు. "ఆ కాలువ నిండా చేపలుండేవి. దొంగ పడి ఊడ్చుకుపోయాడు. మామా, చెప్పు!"

ఆంబ్రోస్ గొంతు సవరించుకున్నాడు. "పచ్చ రెయిన్‌కోటువాడు. ఏటా నవంబర్లో పొద్దున్నే వచ్చేవాడు. బీడు అవతలి నుంచి చూసేవాణ్ణి. వలగరిటతో చేపని తియ్యడం, బకెట్లో వెయ్యడం, రోడ్డు మీద బండి ఉండేది, దాని వెనక్కి పోవడం. మళ్ళీ ఖాళీ బకెట్టుతో రావడం. పొట్ట పట్టినన్ని తిని పోతాడులే అనుకున్నా. ఏడేళ్ళలో మొత్తం నాకేశాడు వెధవ."

లైల్‌కి తాగుతున్న కాఫీ పొలమారింది. కమిషనర్ వీపు మీద రెండు చరిచాడు.

"వెళ్ళి పట్టుకోలేకపోయారా?" సలహాదారు అడిగాడు.

ఆంబ్రోస్ ఆ కుర్రవాడి కేసి జాలిగా చూశాడు. "బాబూ, నువ్వప్పటికి పుట్టలేదు. అప్పట్లో మేం చేతిలో వలతో కనబడితే చాలు, లాక్కెళ్ళేవాళ్ళు. కౌంటీ రెయిన్‌కోటు వేసుకున్నవాణ్ణి పోయి 'దొంగా' అంటే, సాయంత్రానికి లోపల ఎవడుంటాడు?"

కమిషనర్ బూట్లు పరిశీలించుకున్నాడు. సలహాదారు, పెద్దల జ్ఞాపకాల పట్ల తనకు ఎనలేని గౌరవముందనీ, అయితే గడిలో రాయడానికి ఒక సంఖ్య కావాలనీ విన్నవించుకున్నాడు. ఆ కాలువలో చేపలున్నాయన్న ఋజువు ఒక్కటుంటే చాలట. ఆ ఋజువు అప్పటికి బల్ల దగ్గరే కూర్చుని, రుమాలుతో మూతి తుడుచుకుంటోంది.

ఇలా రెండేళ్ళు. ప్రతి సమావేశంలోనూ డెల్ఫీన్ ఆ పేరు ఎత్తడం, పటం విప్పడం, నల్ల చుక్కలు గెలవడం. ప్రతిసారీ లైల్ నోరు తెరిచి, దాంట్లో రొట్టె పెట్టుకునేవాడు. బకెట్టు సంగతి చెప్పి దొంగతనం మచ్చ తుడుచుకోవచ్చు. కానీ కౌంటీ ఉద్యోగి తెల్లారగట్ల చేపల్ని రోడ్డు ఎందుకు దాటించాడని అడుగుతారు. అడిగితే పటం దగ్గరికి రావాలి. చెయ్యని తప్పు పోవాలంటే చేసిన తప్పు ఒప్పుకోవాలి. అంచేత రెండూ ఉంచుకున్నాడు.

డెల్ఫీన్‌కి అతనంటే అభిమానం. అది మరీ ప్రాణం తీసేది.

"ఏంటి లైల్, ఇవాళ రెండే తిన్నావు? బెర్నీస్ తిడుతుందా?"

"అరగట్లేదు."

"మా రొట్టె అరగకపోవడమా! డాక్టరుకి చూపించుకో. మీ వాళ్ళందరిలో నువ్వొక్కడివే, తెలీకపోతే నోరు మూసుకుని కూర్చునేది." పోయేటప్పుడు పొట్లంలో ఇంకో ముక్క చేప వేసేది. ఆ పొట్లం ఇంటికి తెస్తే బెర్నీస్ విప్పేది కాదు. బల్ల మీద అతని ముందు పెట్టి, "చెప్పావా?" అనేది. "చెప్తాలే," అనేవాడు. ఆవిడ లైటు ఆర్పేసి వెళ్ళిపోయేది.

2004 మే నెలలో ప్రణాళిక తయారైంది. మూడువందల పేజీలు, పన్నెండు తూములు, తొమ్మిదో నంబరు కాలువ లేదు. దానికి మళ్ళీ అవకాశం రావాలంటే పదేళ్ళాగాలి. తూము అప్పటిదాకా నిలుస్తుంది. ఆంబ్రోస్ నిలుస్తాడని ఎవరూ అనుకోలేదు.

సంతకాలు తెగవారి హాల్లో జరిగాయి. తెగవారి పద్ధతిలో ఏ పెద్దపని జరిగినా కాగితం ఒక్కటీ చాలదు, సాక్షులుండాలి. పేరు పెట్టి పిలుస్తారు. అందరి ముందూ అరచేతిలో రెండు పావలా నాణేలు పెడతారు. ఆ క్షణం నుంచి అక్కడ జరిగినదాన్ని మోయడం అతని పని. రేపు ఎవరైనా 'అలా కాదు, ఇలా' అంటే లేచి ఉన్నదున్నట్టు చెప్పాలి. చివర్లో ప్రతి సాక్షీ నిలబడి నాలుగు మాటలు మాట్లాడాలి. అబద్ధం ఆడకూడదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు. చెప్పాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోరు.

ముగ్గురు సాక్షుల్లో మొదటిది కమిషనర్ పేరు. రెండోది పక్క నది తెగ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. మూడోది ఆంబ్రోస్ స్వయంగా ఎంచుకున్నాడు.

"తూములాయన. లైల్. తక్కువ మాట్లాడతాడు, ఉన్నదే మాట్లాడతాడు."

నాణేలు తెచ్చింది డెల్ఫీన్. లైల్ చెయ్యి చాపలేదు. ఆవిడే చెయ్యి పట్టుకుని తిప్పి, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "భయమెందుకు? రెండు ముక్కలు మాట్లాడి కూర్చో. తరవాత భోజనం," అని గుసగుసలాడింది.

కమిషనర్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందులో నది రెండుసార్లు వచ్చింది. పెద్దావిడ మూడు వాక్యాలు చెప్పి కూర్చుంది. లైల్ లేచాడు. వెనక వంటింట్లో ఎవరో రొట్టెపిండి బల్లకేసి కొడుతున్నారు.

"ఇవాళ జరిగింది చూశాను," అన్నాడు. "బానే జరిగింది. కానీ ఈ కాగితంలో ఒకటి తప్పుంది. అది నేను రాసిందే. తొమ్మిదో నంబరు కాలువ నేను నడవలేదు. వాన పడుతోంది, బండిలో కూర్చునే చుక్కలు పెట్టా. పెట్టాక దిగితే చేప కనబడింది. కళ్ళారా చూశా. చూసి కూడా మార్చలేదు. మరుసటేడు తూము వేసిందీ నేనే. చేపలు దాన్ని కొట్టుకుని కొట్టుకుని... ఆ పచ్చ రెయిన్‌కోటు నాది మామా."

వంటింట్లో పిండి కొట్టే చప్పుడు ఆగిపోయింది. సలహాదారు రాయబోయి కలం మూసేశాడు. కమిషనర్ పైకప్పు దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆంబ్రోస్ కుర్చీ ముందుకు నెట్టించుకున్నాడు. "చేపల్ని ఎక్కడికి తీసుకెళ్ళావు?"

"రోడ్డు దాటించి పైన వదిలా. గట్టు అడ్డం, మీకు కనబడి ఉండదు."

"ఎన్ని?"

"నూట పదకొండు."

ముసలాయన వేళ్ళ మీద ఏదో సరిచూసుకున్నాడు. "పాతికేళ్ళుగా ప్రతి నవంబర్లో ఆ దొంగని కొత్త తిట్టుతో తిడుతున్నా. మంచివి కొన్ని కుదిరాయి కూడా. ఇప్పుడవన్నీ వెనక్కి తీసుకోవాలి కామోసు." తల అడ్డంగా ఊపాడు. "తీసుకోవడం దేనికిలే. కారణం మారింది గాని మనిషి అదే."

ఎవరో కిసుక్కున నవ్వారు. డెల్ఫీన్ నవ్వలేదు.

"రెండేళ్ళు నా ఎదురుగా కూర్చున్నావు," అంది. గొంతు పెంచలేదు. "అది వదిలెయ్. మా అమ్మమ్మ సంగతి నీకు చెప్పలేదు కదూ. మేం మొదటి చేప తిన్నాక ముళ్ళు మళ్ళీ నీళ్ళకే ఇచ్చేస్తాం. అలా మర్యాద చేస్తేనే మళ్ళీ వస్తాయి. ఒక ఏడు అమ్మమ్మకి జ్వరమొచ్చి, ముళ్ళు వెయ్యడానికి రెండ్రోజులు ఆలస్యమైంది. ఆ తరవాతే చేపలు తగ్గడం మొదలెట్టాయి. తనే ఏదో అమర్యాద చేశాననుకుంది. మామ దొంగ సంగతి చెప్పినా వినక, నా మీద అలిగాయే డెల్ఫీన్, అనేది. ఎనభై మూడులో పోయింది. పోయేదాకా ఆ కాలువకి క్షమాపణ చెప్పుకుంటూనే ఉంది, లైల్."

తనని తిడతారని లైల్ అనుకున్నాడు. ఉద్యోగం పోతుందనుకున్నాడు. తను ఎక్కడో దాచుకున్నాననుకున్న తప్పుని, అవతలి గట్టు మీద ఒక ముసలావిడ తనదనుకుని చచ్చేదాకా మోసిందన్నది మాత్రం అతని లెక్కలో ఎప్పుడూ లేదు. గుప్పిట విప్పి నాణేలు డెల్ఫీన్ వైపు చాపాడు.

"ఇవి నాకు తగవు."

"తిరిగి తీసుకోవడం మా పద్ధతి కాదు," అన్నాడు ఆంబ్రోస్. "పైగా సాక్షి పని అయిపోయిందని నీకెవరు చెప్పారు? ఆ కాలువ ఏటా నవంబర్లో నడు. కింద నుంచి పైదాకా. బండి దిగి. నడిచి, ఇక్కడికొచ్చి, ఏం చూశావో మా అందరికీ చెప్పు. కాళ్ళున్నంత కాలం."

సంతకాలు ఆ రోజుకి ఆగాయి. జాబితాలో పదమూడో తూము చేర్చాలంటే ముందు పటం సరిదిద్దాలి, పటం సరిదిద్దాలంటే పద్నాలుగో నంబరు ఫారం కావాలి. అది ఇంకా వాడుకలోనే ఉందని తెలిసి కౌంటీలో అందరూ ఆశ్చర్యపోయారు. మూడు ప్రతులు. లైల్ కుదురుగా కూర్చుని చేత్తో మూడూ రాశాడు. 'సవరణ ఆలస్యమగుటకు కారణము' అనే గడి దగ్గర చాలాసేపు ఆగాడు. 'వాన' అని రాసి కొట్టేశాడు. 'పని ఒత్తిడి' అని రాసి కొట్టేశాడు. చివరికి 'బండి దిగలేదు' అని రాసి, అదే మాట మిగతా రెండు ప్రతుల్లోనూ ఎక్కించాడు. కమిషనర్ అతనికి మొట్టమొదటి మెమో ఇచ్చాడు, పదవీ విరమణకి పదకొండు నెలల ముందు. బెర్నీస్ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, ఆ సాయంత్రం అందులో దాచి ఉంచిన చేప పొట్లం విప్పి వడ్డించింది.

రెండేళ్ళకి ఇనప తూము పెరికేసి వంతెన కట్టారు. కాలువ మళ్ళీ పాత వంకరలు తిరుగుతూ, ఎక్కడా ఎగరకుండా, దేనికీ కొట్టుకోకుండా పోతోంది. రావలసినవాళ్ళే రాలేదు. సాల్మన్ పుట్టిన వాగుకే తిరిగొస్తుంది. ఆ వాగులో పుట్టినవి ఏవీ మిగల్లేదు. ఇంకెక్కడో పుట్టి దారి తప్పిన చేప రావాలి. లైల్ ఇప్పుడు ఎదురుచూస్తున్నది సరిగ్గా దానికోసమే.

వంతెన కట్టాక మొదటి నవంబరూ నడిచాడు. నాలుగు గంటలు పట్టింది. హాల్లో నిలబడి "లేవు" అని చెప్పాడు. రెండో నవంబరూ అదే. డెల్ఫీన్ రాసుకుంది తప్ప తల ఎత్తలేదు. రొట్టెల పళ్ళెం అతని దాకా వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేది. లైల్ కూడా అందుకునేవాడు కాదు.

మూడో నవంబరు నాటికి ఆంబ్రోస్ ఇంకా ఉన్నాడు. ఆ ఏడు వాన మళ్ళీ అడ్డంగా కొట్టింది. లైల్ హాల్లోకి వచ్చేసరికి ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగి వేలాడుతోంది.

"చెప్పు," అన్నాడు ముసలాయన.

"లేవు మామా. ఒక్కటీ లేదు."

"నడిచావా?" డెల్ఫీన్ అడిగింది.

లైల్ చొక్కా చేతులు పైకి మడిచి చూపించాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ముళ్ళ గీతలు, కొన్నింటి మీద నెత్తురు ఇంకా ఆరలేదు. ఆవిడ వాటిని కాసేపు చూసింది. పుస్తకంలో సున్నా వేసింది. తరవాత రొట్టెల పళ్ళెం బల్ల మీద జానెడు దూరం అతని వైపు జరిపింది.

"పై గట్టు దగ్గర, పాత పాక స్తంభాలుంటాయి చూడు, ఆ వేళ్ళ కింద చూశావా?"

"చూశా."

"మళ్ళీ చూడు. ఇంకా నెల ఉంది."

లైల్ రొట్టె సగం తుంచి కోటు జేబులో పెట్టుకున్నాడు. నాణేలు కూడా ఆ జేబులోనే ఉన్నాయి. బయట బండి ఉంది గాని, దాన్ని అక్కడే వదిలేసి కాలువ కేసి నడిచాడు.